ఏ క్లోరో బాబాయ్?

సీజన్లో కంచికచర్ల పురుగుమందుల కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు, రసాయనశాస్త్రం ముక్కలు ముక్కలుగా చెవిన పడుతుంది. "మోనో ఒక లీటరు." "ఇమిడా ఉందా?" "ఆ టూఫోర్‌డీ పక్కన పెట్టు, సాయంత్రం పట్టుకెళ్తా." ఇంతలో ఒకాయన బండి స్టాండైనా వెయ్యకుండా కేకేస్తాడు: "క్లోరో ఇవ్వవయ్యా, కూలోళ్లు చేలోకి వెళ్లిపోయారు!" కొట్టు కుర్రాడు గట్టివాడైతే చేతిలో పని ఆపి అడుగుతాడు: "ఏ క్లోరో బాబాయ్?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ అల్మరాలో క్లోరోతో మొదలయ్యేవి తక్కువలో తక్కువ మూడుంటాయి. క్లోర్‌పైరిఫాస్ ఒకటి; మనవాళ్ల నోట్లో పడి క్లోరిపైరిఫాస్ అయింది. క్లోరాంట్రానిలిప్రోల్ రెండోది, దాని పేరు పలకలేక అందరూ కంపెనీ పేరుతో కోరాజన్ అంటారు. మూడోది క్లోరోథలోనిల్. మొదటిది భాస్వరం మందు, డబ్బా మీద పసుపు త్రికోణం. రెండోది పూర్తిగా వేరే జాతి, ఆకుపచ్చ త్రికోణం. మూడోది అసలు పురుగుమందే కాదు, తెగుళ్ల మందు. దాన్ని తెచ్చి కాయతొలిచే పురుగు మీద కొడితే పురుగు తన మానాన తను కాయ తింటూనే ఉంటుంది. ఈ మూడింటికీ ఉన్న చుట్టరికమల్లా లోపల క్లోరిన్ ఉండటమే. వంటింటి ఉప్పులోనూ ఉంది క్లోరిన్.

అంటే ఏమైంది? ఇంత పొడుగు పేరులో మనం నోటికి అందిన మొదటి ముక్క పట్టుకుని, పనికొచ్చే చివరి ముక్క పారేశాం. మా మనవరాలు ఇంటర్లో బైపీసీ చదువుతోంది. దానికీ ఇదే రోగం. పేరు చూడగానే "తాతయ్యా, ఇది నోరు తిరగదు" అని పుస్తకం మూసేస్తుంది. నోరు తిరక్కపోవడం ఏమిటమ్మా, "యథాప్రకారంగానే ఉన్నప్పటికినీ" అని ఒక్క ఊపిరిలో అనే జాతి మనది! ఎక్కడ విరవాలో తెలియక తిప్పలు గానీ, పలకడానికి కష్టమేమీ లేదు.

విరవడం మనకి కొత్త విద్య కాదు. హైస్కూల్లో తెలుగు మాస్టారు పదం ఇచ్చి "విడదీసి సంధి పేరు రాయండి, సమాసం పేరు రాయండి" అంటే రాసిన వాళ్లమే కదా. రాజభటుడు అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది భటుడి గురించి. రాజు ఆ భటుడు ఎవరి తాలూకో చెప్పడానికి వచ్చాడు. రసాయనం పేరూ అచ్చంగా అలాంటి సమాసమే. అసలు మనిషి చివర కూర్చుని ఉంటాడు. ముందున్నవన్నీ ఆయనకి తగిలించిన విశేషణాలు. అందుకని తోక దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవాలి.

అందరికీ తెలిసిన డి.డి.టి.తో మొదలుపెడదాం. ఒకప్పుడు మలేరియా వాళ్లు వచ్చి ఇళ్లల్లో కొట్టి గోడ మీద తారీఖు రాసి పోయేవారు. పూర్తి పేరు డైక్లోరో డైఫినైల్ ట్రైక్లోరో ఈథేన్. తోక ఈథేన్: రెండు కార్బన్లు. దానికి మూడు క్లోరిన్లు, రెండు ఫినైల్ వలయాలు, ఆ వలయాల మీద మళ్లీ రెండు క్లోరిన్లు. నాలుగు ముక్కలు, మూడు విరుపులు. దీనికి పురుగుల్ని చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన స్విట్జర్లాండ్ ఆయన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు.

ఇక్కడే ఇంకో మాట. "ట్రైక్లోరో ఈథేన్" అన్నప్పుడు క్లోరో చివరి ఓ, ఈథేన్ మొదటి ఈ కలిసిపోవు. రెండు అచ్చులూ విడివిడిగా వినపడాలి. క్లోరొథేన్ అనకూడదు. అదే ప్రోపేన్‌కి చివర ఆల్ చేరిస్తే ప్రోపనాల్ అవుతుంది. ఇంగ్లీషు రాతలో ప్రోపేన్ చివర ఉండే 'ఈ' అక్షరం ఎగిరిపోతుంది. డయోల్ చేరిస్తే మాత్రం అది ఎగరదు, అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే ఆల్ అచ్చుతో మొదలవుతుంది, డయోల్ హల్లుతో. "వాడు", "ఎక్కడ" కలిస్తే వాడెక్కడ అవుతుంది. "వాడు", "వచ్చాడు" పక్కపక్కన చేరితే ఉకారం కదలదు. అదీ ఇదీ ఒకటే సూత్రం. చిన్నయసూరిగారి వ్యాకరణం చదువుకున్నవాడికి రసాయనం పేర్లలో సగం పని అయిపోయినట్టే అని నేనంటే మా మనవరాలు నవ్వింది గానీ, కార్బన్ మోనాక్సైడ్‌లో రెండు ఓలు ఒకటెందుకయ్యాయో, డయాక్సైడ్‌లో ఐ ఎందుకు మిగిలిందో అడిగితే ఆలోచనలో పడింది. అక్కడ సంధి జరుగుతుంది, ఇక్కడ జరగదు.

ఈ వ్యాకరణం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పూర్వం యూరపులోనూ మనలాగే ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. మనకి మైలుతుత్తం, అన్నభేది, ఇంగిలీకం, నవాసాగరం ఉన్నట్టే వాళ్లకీ ఉన్నాయి. పేరు అందంగానే ఉంటుంది, లోపలేముందో మాత్రం చెప్పదు. అన్నభేదిలో అన్నమూ లేదు, ఇంగిలీకంలో ఇంగువా లేదు. ఉన్నవి ఇనుము, పాదరసం. 1787లో పారిస్‌లో లవాజియే మరో ముగ్గురితో కలిసి, పేరు చూస్తే పదార్థంలో ఏమేం ఉన్నాయో తెలియాలని ఒక పద్ధతి రాశాడు. సల్ఫేట్, సల్ఫైట్ అనే తోకలు అప్పుడు వచ్చినవే. కార్బన్ పదార్థాలు తామరతంపరగా పెరిగాక 1892లో జెనీవాలో కూర్చుని వాటికీ రూల్సు రాశారు. 1919లో ఐయుపిఎసి అనే అంతర్జాతీయ సంస్థ పుట్టాక ఆ పని దానికి అప్పగించారు. పాపం, లవాజియే పేర్లు బాగుచేసిన ఏడేళ్లకే ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్నాడు.

తోక మారితే ఎంత తేడా వస్తుందో చూడండి. జింక్ ఫాస్ఫైడ్ అంటే గట్ల మీద ఎలుకలకి పెట్టే నల్లటి మందు. కడుపులో పడగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుట్టిస్తుంది. జింక్ ఫాస్ఫేట్ అంటే పంటి డాక్టరు దగ్గర పన్ను తొడుగు అతికించే సిమెంటు. ఐడ్ అంటే ఆ రెండే ఉన్నాయని, ఏట్ అంటే వాటితో ఆక్సిజన్ కూడా కలిసి ఉందని అర్థం. మీ ఉచ్చారణలో మిగతాది ఎలా ఉన్నా ఫరవాలేదు, తోక మాత్రం నలగ్గొట్టకండి. మీథేన్ అన్నా మెథేన్ అన్నా, మిథైల్ అన్నా మెథిల్ అన్నా పేచీ లేదు. ఒకటి ఇంగ్లండు నోరు, ఒకటి అమెరికా నోరు. ఈథేన్‌ని ఈథీన్ అన్నారో, అది వేరే వస్తువు.

సరే, మోనో దగ్గరికి వద్దాం. మోనోక్రోటోఫాస్. మోనో, క్రోటో, ఫాస్. మోనో అంటే ఒకటి. ఒకటి ఏమిటి? నత్రజని మీద మిథైల్ ఒకటి. రెండున్నదానికి డైక్రోటోఫాస్ అని పేరు, అది దీనికి తోబుట్టువు. క్రోటో అనేది క్రోటానిక్ ఆసిడ్ నుంచి వచ్చింది. ఆ ఆసిడ్‌కి ఆ పేరెందుకంటే అది నేపాళం నూనెలో ఉందని ఒకప్పుడు పొరబడ్డారు, నేపాళం చెట్టు శాస్త్రీయనామం క్రోటన్ మరి. లేదని తేలాక కూడా పేరు మార్చలేదు. ఇక ఫాస్ అంటే ఫాస్ఫరస్, మన భాస్వరం. రైతుకీ డాక్టరుకీ అక్కరకొచ్చేది ఆ చివరి ఫాసే. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ మూడింటి తోకా ఒకటే, ఒంట్లో చేసే పనీ ఒకటే: నరం నుంచి కండకి కబురందించే రసాయనాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైమును కట్టిపడేస్తాయి. మనిషికి చెమటలు, చొంగ, కంటిపాపలు చిన్నవైపోవడం. దానికి ఆసుపత్రిలో ఎట్రోపిన్ ఎక్కిస్తారు. త్రిన్ అని ముగిసే సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ జాతికి ఆ విరుగుడు కాదు. అందుకే మందు కొడుతూ ఎవరైనా పడిపోతే మనిషితోపాటు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. "మోనో అండీ" అంటే డ్యూటీ డాక్టరు అర్థం చేసుకోగలడు గానీ, "క్లోరో అండీ" అంటే ఏ వైద్యం మొదలుపెడతాడు?

తోకలు ఇంకా ఉన్నాయి. ప్రిడ్ అంటే పిరిడిన్ వలయం ఉంది. ఇమిడాక్లోప్రిడ్, అసిటామిప్రిడ్ రసం పీల్చే పురుగుల మీదికి. కొనజోల్, స్ట్రోబిన్ వస్తే తెగుళ్ల మందు. సల్ఫ్యూరాన్ వస్తే కలుపు మందు. మిరపకి పై ముడత వచ్చిందని పరుగెత్తేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది, ఎందుకంటే కంపెనీ పేర్లు ఏటా మారతాయి, ఒకే మందు పది పేర్లతో వస్తుంది. లేబులు మీద కింద చిన్నక్షరాల్లో ఉండే పేరు మాత్రం మారదు. కొట్టువాడు "ఇది పాతది కాదండీ, కొత్త మందు" అని రెట్టింపు ధర చెప్పినప్పుడు ఆ చిన్నక్షరాల తోక చూస్తే చాలాసార్లు పాత చుట్టమే బయటపడుతుంది.

కోరాజన్ అసలు పేరుకి నోరు తిరగదన్నారు కదా. క్లోర్, ఆంట్రానిలి, ప్రోల్. అంతే. నడిమి ముక్క ఆంత్రనిలిక్ ఆసిడ్. 1841లో ఫ్రిట్జ్‌షే అనే రసాయనవేత్త దాన్ని నీలిమందు నుంచి తీశాడు, అందుకే ఆ పేరులో మన "నీల" శబ్దం అరబ్బుల చేతుల మీదుగా వెళ్లి దూరి కూర్చుంది. ఒకప్పుడు బందరు రేవు నుంచి ఓడలెక్కిన సరుకు నీలిమందు. పేరు మళ్లీ పురుగుమందు డబ్బా మీద ఎక్కి కంచికచర్ల వచ్చింది.

డబ్బాల సంగతి వదిలేసి కల్లంలో ఎండబోసిన మిరపకాయల దగ్గరికి వెళ్దాం. వాటి ఘాటు పేరు క్యాప్సైసిన్. 1876లో థ్రెష్ అనే ఇంగ్లీషాయన పెట్టిన పేరు. మిరప శాస్త్రనామం క్యాప్సికం కాబట్టి. ఇది ముద్దుపేరు, లోపలేముందో చెప్పదు. అసలు పేరు 8-మిథైల్-ఎన్-వనిలిల్-6-నోనీనమైడ్. మా మనవరాలు దీన్ని "నన్... నేమైడ్" అని విరిచింది. నోనీన్, అమైడ్ కలిసి నోనీనమైడ్ అయిందమ్మా, చివరి 'ఈ' సంధిలో పోయింది అంటే దారిలో పడింది. ఇక తోక నుంచి చదవండి. అమైడ్: ఒక కొసన నత్రజని తగిలించిన కట్టు, మన ఒంట్లో మాంసకృత్తుల్ని గొలుసుగా కట్టే ముడి కూడా ఇదే. నోన్: తొమ్మిది కార్బన్ల వరస. ఈన్: ఆ వరసలో ఒకచోట జంట బంధం. 6 అంటే అది ఆరో కార్బన్ దగ్గర మొదలవుతుందని. 8-మిథైల్: ఎనిమిదో కార్బన్ మీద చిన్న కొమ్మ. ఎన్ అంకె కాదు, నత్రజని గుర్తు. దాని మీద వనిలిల్ కూర్చుంది. వనిలిల్ అంటే ఏమనుకున్నారు? ఐస్‌క్రీములో కమ్మటి వాసన వేసే వెనీలా తాలూకుదే!

ఇప్పుడు ఆ పేరు మీకు బొమ్మ గీసి పెట్టింది. ఒక చివర వెనీలా ముక్క, మధ్యలో అమైడ్ ముడి, రెండో చివర తొమ్మిది కార్బన్ల వరస. అన్ని కార్బన్లు వరసగా ఉన్నది నూనె గుణం చూపిస్తుంది, నీళ్లలో కరగదు. అందుకే ఊరమిరపకాయ కొరికి చెంబుడు నీళ్లు తాగినా మంట తగ్గదు. పెరుగో నెయ్యో తగిలితే తగ్గుతుంది. మా ఇంట్లో ఆడవాళ్లకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు, పేరు అక్కర్లేదు వాళ్లకి. కానీ పేరు చదివినవాడికి మిరపకాయ కొరక్కుండానే తెలుస్తుంది, అదీ దీని గొప్ప. మిరపలో రెండో ఘాటు పదార్థం డైహైడ్రోక్యాప్సైసిన్. డైహైడ్రో అంటే రెండు హైడ్రోజన్లు చేరాయని. చేరితే జంట బంధం పోతుంది. పోతే ఈన్ పోయి ఏన్ రావాలి, 6 ఎగిరిపోవాలి. పేరు చూడండి: 8-మిథైల్-ఎన్-వనిలిల్-నోననమైడ్. వచ్చిందా లేదా?

జగ్గయ్యపేట వైపు వెళ్తే ఇంకో రకం పేర్లు. అక్కడి సున్నపురాయి పుణ్యమా అని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, జయంతిపురంలో ఒకటి, ముక్త్యాలలో ఒకటి. సిమెంటు బస్తాలో ముఖ్యంగా నాలుగుంటాయి: ట్రైకాల్షియం సిలికేట్, డైకాల్షియం సిలికేట్, ట్రైకాల్షియం అల్యూమినేట్, టెట్రాకాల్షియం అల్యూమినోఫెర్రైట్. చివరిది చూసి బెదరొద్దు. నాలుగు కాల్షియాలు, అల్యూమినియం, ఇనుము. సిమెంటుకి బూడిదరంగు ఆ ఇనుము వల్లనే. శ్లాబుకి మొదటి వారాల్లో బలమిచ్చేది ట్రై సిలికేట్, తీరిగ్గా నెలల తరబడి గట్టిపడేది డై సిలికేట్. ల్యాబులో వాళ్లు ఇవేవీ పలకరు. సీ త్రీ ఎస్, సీ టూ ఎస్, సీ ఫోర్ ఏ ఎఫ్ అంటారు. అక్కడ సీ అంటే కార్బన్ కాదు, సున్నం. ఎస్ అంటే గంధకం కాదు, ఇసుకలో ఉండే సిలికా. మన మనవలు అక్కడ ఉద్యోగానికి వెళ్తే మొదటి వారం తికమకే.

పలకడం గురించి సరదా కథ ఒకటి చెప్పాలి. ఐజాక్ ఆసిమోవ్ అని అమెరికాలో గొప్ప రచయిత, బోస్టన్ యూనివర్సిటీ వైద్యకళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పాడు. పారాడైమిథైలమైనోబెంజాల్డిహైడ్ అనే పేరు ఒక ఐర్లండు జానపద నృత్యం వరసకి అక్షరం పొల్లుపోకుండా సరిపోతుందని కనిపెట్టి, 1963లో దాని మీద ఓ వ్యాసం రాశాడు. మనకి తిస్రగతి తెలుసుగా? తకిట, తకిట, తకిట, తకిట. అమెరికా వాళ్ల నోటితో పారడై, మెథిలె, మీనొబెన్, జాల్డిహైడ్. చక్కగా నాలుగు తకిటలు! ఇందులో ఒక కిటుకుంది. పాటకి విరిచినప్పుడు "ఎమీనో"లో ఎ వెనక ముక్కలోకి జారింది, "బెంజాల్డిహైడ్" నడిమికి తెగింది. అర్థానికి విరిస్తే పారా, డైమిథైలమైనో, బెంజాల్డిహైడ్. పద్యాన్ని గణాల లెక్కన చదివినప్పుడు ఒకలా విరుగుతుంది, అన్వయం చెప్పేటప్పుడు ఇంకోలా విరుగుతుంది చూడండి, అదే. రెండూ రావాలి మనకి. ఇంతా చేసి ఈ పదార్థం ఎందుకంటే, ఎర్లిక్ రీఏజెంట్ అని మూత్రంలో యూరోబిలినోజెన్ ఉందేమో చూసే పరీక్షలో వాడేది.

పలకని అక్షరం సంగతీ ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆసిడ్ మీద పనిచేశారు. దాని రసాయన నామం టెరాయిల్ గ్లుటామిక్ ఆసిడ్. ఇంగ్లీషు రాతలో టె ముందు ఒక 'పి' ఉంటుంది, మాట మొదట్లో అది మౌనం. ఆ ముక్క గ్రీకులో రెక్క అనే మాట. సీతాకోకచిలుక రెక్కల రంగులో మొదట దొరికిన పదార్థాల జాతి అది. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆసిడ్‌లో చిన్న మార్పులు చేసి అమినోప్టెరిన్, ఎమిథోప్టెరిన్ తయారుచేసింది. పిల్లల రక్తక్యాన్సరుకి 1940లలో మొదట పనిచేసిన మందు అమినోప్టెరిన్. ఎమిథోప్టెరిన్‌ని ఎ, మిథో, ప్టెరిన్ అని విరవండి: అమైనో చేరింది, మిథైల్ చేరింది, మిగిలింది ప్టెరిన్. అంటే ఏం మార్చారో పేరులోనే రాసి పెట్టారు. ఇప్పుడు దాన్ని మెథోట్రెక్సేట్ అంటారు, కీళ్లవాతానికి వారానికొక్కసారి వేసుకోమని రాసే మాత్ర. కొత్త పేరులో పాత సమాచారం సగానికి సగం పోయింది, నాకైతే పాతదే నచ్చుతుంది.

ఆయన ల్యాబు నుంచే వచ్చిన బోదకాలు మందు డి.ఇ.సి. అంటే డైఇథైల్ కార్బమజీన్. ఏఎన్ఎంలు ఇంటింటికీ తెచ్చి ఇక్కడే మింగండి అని నిలబడి మింగించే మాత్రలు అవే. చివరి అజీన్ పైపరజీన్ తోక. పైపర్ అంటే మిరియం, పిప్పలి నుంచి పోయిన మాట.

మిగిలింది ఇంటింటి మాత్ర. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు, వెళ్లిన కొత్తల్లో జ్వరం వస్తే మందులషాపులో పారాసిటమాల్ అడిగాడట. అమ్మాయి అయోమయంగా చూసిందట. అక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకే పేరు తునకలు. పూర్తి పేరు పారా-ఎసిటైల్-అమైనో-ఫినాల్. ఇంగ్లండు వాళ్లు పారా నుంచి పార్, ఎసిటైల్ నుంచి ఎసిట్, అమైనో నుంచి ఆమ్, ఫినాల్ నుంచి ఆల్ తీసుకున్నారు. అమెరికా వాళ్లు పారా వదిలేసి ఎసిట్, అమినో, ఫెన్ తీసుకున్నారు. పక్కనే ఉన్న టైలెనాల్ డబ్బా మీది కంపెనీ పేరు కూడా ఆ పొడుగు పేరులోంచి కత్తిరించిందే: ఎసిటైల్‌లోని టైల్, ఫినాల్‌లోని ఎనాల్. వాడు ఇంటికి ఫోను చేసి "పెదనాన్నా, ఇక్కడ మన మాత్ర లేదు" అంటే, "డబ్బా మీద చిన్నక్షరాలు చదవరా" అన్నాను. చదివాడు. ఎసిటమినోఫెన్ 500. "అదే, వేసుకో."